బొంగరం బడికి వెళ్లని వానాకాలం

ఆ ఏడు వానలు మొదలైన రెండో వారంలో, మా అమ్మాయిని వచ్చి తీసుకుపొమ్మని బడి నుంచి ఫోన్ వచ్చింది.

నేనప్పుడు ఆసుపత్రి బట్టల గదిలో చిరిగిన దుప్పటికి మాసిక వేస్తున్నాను. కుట్టు సగంలో వదిలేసి, గొడుగు తీసుకుని పరుగెత్తాను. హెడ్‌మిస్ట్రెస్ గది బయట బల్ల మీద కూర్చుని అది కాళ్లు ఊపుతోంది. ఎనిమిదేళ్ల పిల్ల, చూడ్డానికి ఆరేళ్లదానిలా ఉంటుంది. దాని పేరు రిజిస్టరులో ఉంది కానీ ఎవరూ వాడరు. నడక వచ్చిన నాటి నుంచి ఒకచోట నిలిచిన పాపాన పోలేదని వాళ్ల నాన్నమ్మ బొంగరం అని పిలవడం మొదలుపెట్టింది, అదే ఉండిపోయింది. నన్ను చూసి నవ్వి, "అమ్మా, ఇవాళ తొందరగా వచ్చేశావే" అంది.

లోపల హెడ్‌మిస్ట్రెస్ నన్ను కూర్చోమంది. కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండుననిపించింది.

"వాచ్‌మన్ తోశాడని చెప్పింది మీ అమ్మాయి. మోకాలు చూపించింది, ఏడ్చింది. నేను నమ్మాను. పాతికేళ్లుగా గేటు దగ్గరున్న మనిషిని నాలుగు రోజులు ఇంట్లో కూర్చోబెట్టాను. ఇవాళ డ్రిల్లు మాస్టారు వచ్చి, అది గోడెక్కి దూకడం తనే చూశానన్నారు. ఆ పెద్దాయనకి ఇప్పుడు నేను ఏ మొహంతో ఎదురుపడను చెప్పండి."

ఆవిడ మార్కుల కాగితం నా ముందుకి జరిపింది.

"రెండో తరగతి ఇది రెండోసారి. నిన్న వచ్చిన లెక్క ఇవాళ రాదు. పక్కపిల్ల పెన్సిలు తీసుకుంటే కొరికేసింది. తిట్టినా అంతే, బుజ్జగించినా అంతే. మాకు చేతకావట్లేదమ్మా. తెలిసినవాళ్లెవరైనా చూసి, ఎలా పట్టుకోవాలో చెప్పేదాకా ఇంటి దగ్గరే ఉంచండి. పిల్లల సంక్షేమం ఆఫీసుకి రాశాను. వాళ్ల మనిషి మీ ఇంటికొస్తారు."

ఆ ఆఫీసు పేరు నేను విన్నదే. పిల్లల్ని తీసుకెళ్లిపోతారని దానికి పేరు.

దారిలో, మందుల దుకాణం అరుగు మీద వాన తగ్గడానికి ఆగినప్పుడు, దాని వీపు మీద ఒక్కటి వేశాను. "ఎందుకు చెప్పావే అంత అబద్ధం?"

అది ఏడవలేదు. నా మొహంలోకి చూసి, "నిజంగానే తోశాడమ్మా" అంది.

అబద్ధం చెప్పేవాళ్ల కళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. చాలాకాలం అద్దంలో చూసుకున్నాను. దాని కళ్లు అలా లేవు.

ఇక్కడే నా సంగతి చెప్పేస్తాను. బొంగరం కడుపులో ఉన్నప్పుడు మా ఆయన లారీ మీద దూరాలు తిరిగేవాడు, వెళితే ఇరవై రోజులు. మా అమ్మ పోయిన ఏడాది అది. తెలిసినవాళ్లెవరూ లేని ఊళ్లో, ఒంటిగదిలో నేను ఒక్కదాన్నే. సాయంత్రమైతే తాగేదాన్ని. నిద్రకి మందు అనుకునేదాన్ని. మన భాషలో రెండింటికీ ఒకటే మాట కావడం నాకు బాగా కలిసొచ్చింది. నెలనెలా చూపించుకునే చోట ఒక నర్సు, తాగితే బిడ్డకి మంచిది కాదని అందరికీ చెప్పినట్టే నాకూ చెప్పింది. బుద్ధిగా తల ఊపి ఇంటికొచ్చాను.

బిడ్డకి రెండో ఏడు వచ్చాక ఓ రోజు మా ఆయన తల్లి, మా అత్తయ్య, చెప్పాపెట్టకుండా దిగింది. గది చూసింది, సీసాలు చూసింది. నన్నూ పిల్లనూ తనతో తీసుకొచ్చేసి ఎనిమిది నెలలు నా పక్కనే పడుకుని కాపలా కాసింది. ఎప్పటి నుంచి ఈ అలవాటు అని అడిగితే, బిడ్డ పుట్టాక అన్నాను. ఆ ఒక్క ముక్క తప్ప మిగిలినదంతా నిజమే చెప్పాను. ఆ తర్వాత ఆరేళ్లు చుక్క ముట్టలేదు. మా ఆయన లారీ మానేసి ఊళ్లో బస్సు నడపడం మొదలుపెట్టాడు. అందరం కలిసి బాగానే ఉన్నాం, ఆ ముక్క ఒక్కటి అలాగే ఉండిపోయింది.

*

ఆ ఆఫీసు నుంచి వచ్చిన మనిషికి యాభై ఏళ్లుంటాయి. భుజాన పెద్ద గుడ్డసంచి. అందులోంచి ఆ సీజనంతా ఏదో ఒకటి వస్తూనే ఉండేది: రంగు పెన్సిళ్లు, అట్టముక్కలు, చెవులకు పెట్టుకునే మెత్తటి మూతలు, ఒకసారి బతికున్న నత్త. బొంగరం ఆవిడకి మొదటిరోజే సంచి మేడమ్ అని పేరు పెట్టేసింది.

తలుపు తీసింది అత్తయ్య. ముప్పై రెండేళ్లు రైల్వే స్టేషన్‌లో టికెట్ల కిటికీ వెనక కూర్చుని రిటైరైన మనిషి. ఎవరితోనైనా ఆ కిటికీలోంచి మాట్లాడినట్టే మాట్లాడుతుంది.

"ఎక్కడి నుంచి?"

"పిల్లల సంక్షేమం ఆఫీసండి."

"ఒక్కరేనా?"

"ఒక్కదాన్నేనండి."

"చెప్పులు అక్కడ."

సంచి మేడమ్ కుర్చీ ఇస్తే కూర్చోలేదు. బొంగరం పక్కన నేల మీద చతికిలబడి, అది గీస్తున్న బొమ్మ చూసింది. తర్వాత మామూలుగా అడిగినట్టే, "నాన్నా, ఆ కిటికీ మూసేసి, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి, నా సంచి కాస్త ఇలా అందిస్తావా" అంది.

బొంగరం ఎగిరి గంతేసినట్టు లేచింది. కిటికీ దాకా వెళ్లింది. రెక్క పట్టుకుని వాన చూస్తూ నిలబడింది. కాసేపటికి తిరిగి మావైపు చూసింది, ఎందుకు లేచిందో మేమెవరైనా చెబుతామేమోనని.

"చూశారా, ఇదీ వరస" అంది అత్తయ్య. "మొండి."

"కిటికీ మూసెయ్యి" అంది సంచి మేడమ్. మూసేసింది. "గ్లాసుతో నీళ్లు." తెచ్చింది, ఒలక్కుండా. "ఇప్పుడు సంచి." అందించింది. మూడు పనులూ అయ్యాయి. అది మళ్లీ బొమ్మ ముందు కూర్చుంది.

అత్తయ్య కళ్లజోడు సవరించుకుంది. "అంటే ఒకటి తర్వాత ఒకటి ఇస్తే పడతాయన్నమాట."

"అంతేనండి. మూడూ ఒకేసారి ఇస్తే లోపల పట్టవు."

"కౌంటరు దగ్గర నలుగురూ ఒకేసారి చేతులు దూరిస్తే నేనూ ఎవరికీ ఇవ్వలేకపోయేదాన్ని" అంది అత్తయ్య. తనలో తను మాట్లాడుకున్నట్టు అంది. ఎనిమిదేళ్లలో మా ఇంట్లో బొంగరం గురించి పనికొచ్చే మాట ఒకటి వినబడటం అదే మొదలు.

ఆ తర్వాత సంచి మేడమ్ కాగితం తీసి అడగాల్సినవి అడిగింది. ఎన్నో నెలలో పుట్టింది, ఎంత బరువు, ఎప్పుడు నడిచింది. మా ఇళ్లల్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అన్నప్పుడు, అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ మా ఆయన తల దించుకున్నాడు.

"మా మరిది ఒకడుండేవాడు" అంది అత్తయ్య, గొంతు తగ్గించి. "ఏదీ గుర్తుండేది కాదు. ఎటు పడితే అటు పోయేవాడు. ఒకసారి పోయి మరి రాలేదు."

సంచి మేడమ్ రాసుకుంది. తర్వాత నావైపు తిరిగి, అదే గొంతుతో, "కడుపుతో ఉన్నప్పుడు మందులేమైనా వాడారా అమ్మా? సిగరెట్టు, తాగుడు అలాంటివేమైనా? అందరినీ అడుగుతాం" అంది.

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది. "మా కోడలా? బిడ్డ పుట్టాక కొన్నాళ్లు తప్పుదోవ పట్టిన మాట నిజమే, నేను దాచను. అదీ మానేసి ఆరేళ్లయింది. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం మంచినీళ్లు కూడా వడకట్టుకుని తాగే మనిషి."

అందరూ నావైపు చూశారు. "లేదండి" అన్నాను.

సంచి మేడమ్ నన్ను ఒక్క క్షణం ఎక్కువ చూసింది. కాగితం మీద ఏమీ రాయకుండా కలం మూత పెట్టింది.

*

ఆవిడ వారం వారం వచ్చేది. మా తలుపు వెనక బొమ్మలు అతికించింది: లేవడం, పళ్లు తోముకోవడం, స్నానం, బట్టలు. బొంగరం ఒక్కో బొమ్మనీ వేలితో తాకి ఆ పని చేసి వచ్చేది. గోల ఎక్కువైన చోట చెవులకు మూతలు పెట్టుకునేది. ఇల్లు కాస్త నెమ్మదించింది.

కానీ బడివాళ్లకి డాక్టరు కాగితం కావాలి. డాక్టరుకి కారణం కావాలి. ఇలాంటి లక్షణాలకి కారణాలు పది ఉంటాయి, ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోవాలన్నాడు. మూడు వారాల్లో మూడుసార్లు దాని చేతిలోంచి రక్తం తీశారు. మూడోసారి నరం దొరకలేదు. నేను భుజాలు పట్టుకున్నాను, మా ఆయన కాళ్లు పట్టుకున్నాడు.

"అమ్మా, నేనేం చేశాను?" అని అడిగింది అది. గట్టిగా కూడా అడగలేదు. చేసింది గుర్తులేక, మాకు గుర్తుంటుందని అడిగింది.

తర్వాతి వారం తలకి స్కాను రాశారు. కదలకుండా ఉండదు కాబట్టి మత్తు ఇచ్చి తీస్తామన్నారు. "మా బాబాయిది కూడా ఇదే అయ్యుంటుంది" అన్నాడు మా ఆయన ఇంటికొచ్చాక, షర్టు విప్పుతూ. "మా రక్తంలో ఉంది." నేను దాని మోచేతి మీద నీలంగా కమిలిన చోట చల్లటి గుడ్డ వేస్తున్నాను. వేస్తూనే ఉన్నాను.

సంచి మేడమ్ నా పని దగ్గరికి వచ్చింది ఆ తర్వాతి మంగళవారం. మా గది ఆసుపత్రి వెనక, బాయిలరు పక్కన. ఇస్త్రీ ఆవిరికి గోడలెప్పుడూ చెమర్చి ఉంటాయి. నాతో పనిచేసే ఆవిడ వార్డులకి బట్టలు పంచడానికి తోపుడుబండి తీసుకుని వెళ్లింది. ఇంకా నలభై దుప్పట్లు మడత పెట్టాలి. ఒక్కదాన్నే గడ్డం కింద అంచు పట్టుకుని అవస్థ పడుతుంటే, ఆవిడ సంచి కింద పెట్టి రెండో కొస అందుకుంది.

"నేను ఈ పనిలో పందొమ్మిదేళ్ల నుంచి ఉన్నానమ్మా" అంది. "బొంగరం లాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. కిటికీ దగ్గర ఆగిపోయేవాళ్లు, జరగనిది జరిగిందని గట్టిగా నమ్మేవాళ్లు. వాళ్లది అబద్ధం కాదు. గుర్తులో ఖాళీ ఉంటే దొరికిన ముక్కతో నింపుకుంటారు. వాళ్లకీ తెలీదు నింపామని."

దుప్పటి సగానికి వచ్చింది.

"అలాంటివాళ్ల అమ్మల్ని కూడా చూశాను. ఒక్కరు కూడా బిడ్డకి హాని చెయ్యాలని చేసినవాళ్లు కాదు."

నేను దుప్పటి కొసనే చూస్తున్నాను. ఆసుపత్రి ముద్ర ఉతికి ఉతికి వెలిసిపోయింది.

"మూడో నెల నుంచి" అన్నాను.

"రోజూనా?"

"ఆయన ఇంట్లో లేని రోజులన్నీ. చివరిదాకా."

"అంచులు కలపండి" అంది. కలిపాను. ఆవిడ మడత నా చేతిలో పెట్టి ఇంకో దుప్పటి తీసింది.

నాలుగు దుప్పట్లయ్యాక అడగగలిగాను. "పిల్లని తీసుకెళ్లిపోతారా?"

"మానేసి ఎన్నేళ్లయింది?"

"ఆరు."

"దాని పళ్లు తోమించేది ఎవరు, రాత్రి భయపడి లేస్తే పక్కన ఉండేదెవరు?"

"మేమే."

"మరి ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికి తీసుకెళ్లమంటారు? నాకింకా పదిళ్లున్నాయి తిరగడానికి." నవ్వలేదు కానీ నవ్వినంత పని చేసింది. "ఈ మాట డాక్టరుకి తెలిస్తే ఆ పిల్లకి సూదులు ఆగిపోతాయి. బడివాళ్లకి ఎలా చెప్పాలో అలా చెప్పొచ్చు. డాక్టరుతో నేను చెప్పనా, మీరే చెప్తారా?"

"నేనే చెప్తాను."

"ఇంట్లో?"

నేను ఇంకో దుప్పటి కొస అందుకున్నాను. ఆవిడ రెండో కొస పట్టుకుంది. నలభై దుప్పట్లూ అయ్యేదాకా ఉండి, సంచి తగిలించుకుని వెళ్లింది. ఆవిడ వెళ్లాక బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఎనిమిదేళ్లలో మొదటిసారి, ఎవరైనా వస్తారేమోనని చెవి అటు వేయకుండా ఏడ్చాను.

*

ఆదివారం మధ్యాహ్నం బొంగరం నిద్రపోయింది. అత్తయ్య వంటింటి గుమ్మంలో బియ్యం ఏరుతోంది. మా ఆయన గొడుగు ఊచ విరిగితే తీగతో కడుతున్నాడు. ఇద్దరికీ వినబడేలా మధ్యలో నిలబడ్డాను.

"బొంగరం కడుపులో ఉన్నప్పుడే తాగాను. పుట్టాక కాదు. మొదలైంది అప్పుడే."

మా ఆయనకి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. తీగ చేతిలోనే ఉంది. "అంటే... మా బాబాయి వల్ల కాదా?"

"కాదు."

"నా వల్ల కాదు?"

"కాదండీ."

"అది పడిపోయినప్పుడల్లా, మరిచిపోయినప్పుడల్లా, నా రక్తమే అనుకున్నాను. ఇంకో బిడ్డ వద్దన్నది అందుకే. నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావు."

"ఊరుకున్నాను."

ఆయన లేచి వెళ్లిపోయాడు. వాన పడుతున్నా గొడుగు తీసుకోలేదు.

అత్తయ్య చేట పక్కన పెట్టింది. "ఎనిమిది నెలలు నీ పక్కన పడుకున్నాను" అంది. "నీ వాంతులు ఎత్తిపోశాను. అప్పుడు కూడా చెప్పాలనిపించలేదా నీకు?"

"చెబితే వదిలేస్తారనుకున్నాను."

ఆవిడ మళ్లీ చేట అందుకుంది.  

దీపాలు పెట్టే వేళకి మా ఆయన తడిసి ముద్దయి వచ్చాడు. తల తుడుచుకుని, నా పక్కన కాకుండా ఎదురుగా కూర్చున్నాడు. "కోపం పోలేదు" అన్నాడు. "ఎప్పుడు పోతుందో కూడా తెలీదు. కానీ ఛాతీ మీంచి ఏదో దిగిపోయింది. డిపో దాకా నడిచి వెళ్లి, అక్కడ ఆగి ఉన్న బస్సులో కూర్చుని ఏడ్చాను. ఏడుస్తుంటే హాయిగా ఉంది. నీ మీద కోపంతో వెళ్లినవాణ్ని, హాయిగా ఉండటమేమిటో నాకర్థం కాలేదు."

"తింటారా?"

"తింటాను" అన్నాడు.

అత్తయ్య మాత్రం నాతో మాటలు మానేసింది. కిటికీ మూసి బోర్డు తిప్పేసినట్టే. చెప్పవలసినదేదైనా ఉంటే బొంగరంతో చెప్పించేది. ఇల్లంతటిలోనూ ఏ మాటా నిలవని బుర్ర అది. ఆ బుర్రనే ఆవిడ ఉత్తరాలు మోయడానికి ఎంచుకుంది.

"మీ అమ్మతో చెప్పు, తువ్వాలు ఆరలేదని."

బొంగరం నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేది, దారిలో పిల్లి కనిపిస్తే దానితో రెండు మాటలాడి. "అమ్మా, నాన్నమ్మ తువ్వాలు..." అని ఆగి, కళ్లు పైకెత్తి వెతుక్కుని, "నీకిమ్మంది" అనేది. నేను తువ్వాలు తీసుకునేదాన్ని.

నేనూ అటు కబుర్లు పంపేదాన్ని. నేను పంపినవి అక్కడికి ఏ రూపంలో చేరేవో నాకు తెలియదు. ఓ రోజు అత్తయ్య నా చీరకి ఫాల్ కుట్టి మంచం మీద పెట్టింది. నేనడగలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం నేను పని నుంచి వచ్చి, ఆకలి లేక గదిలోనే కూర్చున్నాను. అత్తయ్య వంటింట్లోంచి, "నేను తినేశాను, గిన్నెలు కడిగేసుకుంటానని చెప్పు మీ అమ్మకి" అనడం నాకే వినబడింది. బొంగరం వచ్చి గుమ్మంలో నిలబడింది. దాని మొహం చూస్తే, గిన్నెలు అప్పటికే జారిపోయాయని తెలుస్తోంది.

"అమ్మా, నాన్నమ్మ నువ్వు తినేదాకా తను తినదంట" అంది.

నేను వెళ్లి కంచం పెట్టుకుని కూర్చున్నాను. అత్తయ్య కొళాయి దగ్గర నుంచి తిరిగి చూసింది. 

"ఏం చెప్పిందది నీకు?"

చెప్పాను.

"నేనలా అనలేదు."

"మీరన్నది నాకు వినబడింది అత్తయ్యా."

ఆవిడ చేతులు తుడుచుకుంది. గిన్నె మూత తీసి నా కంచంలో ఇంకో గరిటె వేసింది. ఎదురుగా పీట లాక్కుని కూర్చుని తన కంచం కూడా ముందుకి జరుపుకుంది. "తిన్నాను కానీ, మళ్లీ తింటాను" అంది. "పిల్ల మాట అబద్ధం కాకూడదు."

ఇద్దరం తిన్నాం. నా కళ్లలోంచి నీళ్లు కారుతుంటే, "ముందు తిను, ఒకటి తర్వాత ఒకటి" అంది.

*

డాక్టరు గది దగ్గర గుమాస్తా, తల్లి ఒక్కరే రావాలన్నాడు. "ముగ్గురం ఒకే టికెట్టు" అని అత్తయ్య అతన్ని దాటుకుని వెళ్లి ముందే కుర్చీ పట్టుకుంది.

నేనే చెప్పాను. ఎప్పటి నుంచి, ఎంత, ఎన్ని రోజులు. డాక్టరు తలెత్తకుండా రాసుకున్నాడు. మా ఆయన చెయ్యి నా కుర్చీ వెనక ఉంది. చెబుతున్నంతసేపూ ఎవరైనా అరుస్తారని చూశాను. ఎవరూ అరవలేదు. బొంగరం బరువు తూచే మిషను ఎక్కుతూ దిగుతూ ఉంది.

డాక్టరు చిన్న స్కేలుతో దాని కళ్ల వెడల్పు కొలిచాడు, పై పెదవి చూశాడు. అందరు పిల్లల్లోనూ ఈ గుర్తులుండవనీ, దీనికి కొంచెం ఉన్నాయనీ అన్నాడు. కడుపులో ఉన్నప్పుడు చేరిన మద్యం వల్ల మెదడు కొన్నిచోట్ల అల్లుకోవలసినట్టు అల్లుకోలేదన్నాడు. "ఇది పూర్తిగా పోయేది కాదు, ఆ ఆశ పెట్టను. కానీ దీనికి తగ్గట్టు మనం మారితే ఈ పిల్ల చదువుకుంటుంది, పని నేర్చుకుంటుంది. ఇంత త్వరగా తెలియడం నయం. చాలామంది చెప్పరు. మేం ఎక్కడెక్కడో వెతుకుతూ ఉంటాం." స్కాను రాసిన కాగితం తీసి అడ్డంగా గీత కొట్టాడు. "సూదులు కూడా ఇక అక్కర్లేదు."

బొంగరం మిషను దిగింది. "ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

అది తన మోచెయ్యి మడత చూసుకుని చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది.

బడికి సంచి మేడమ్ మాతో వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ ముందు గంటసేపు కూర్చుంది. ముందు బల్ల మీద చోటు, ఒకసారికి ఒకే పని, గోల ఎక్కువైతే కూర్చోడానికి లైబ్రరీ మూల. హెడ్‌మిస్ట్రెస్ అన్నీ రాసుకుంది. ఇలాగని ముందే తెలిసుంటే ఇన్నిసార్లు ఎండలో నిలబెట్టేదాన్ని కాదంది. ఆవిడ మొహంలో నేను బాగా ఎరిగిన బాధే కనిపించింది.

గేటు దగ్గర వాచ్‌మన్‌కి నేను చేతులు జోడించాను. ఆయన కంగారుపడ్డాడు. "నాలుగు రోజులు ఇంట్లో ఉంటే మా ముసలిది నాతో కూరగాయలన్నీ తరిగించిందమ్మా. మళ్లీ గేటు దగ్గరికి రానిచ్చారు, అదే పదివేలు" అన్నాడు. బొంగరం ఆయన్ని కొత్తగా చూస్తున్నట్టు చూస్తోంది. ఆయన వంగి, "పాపా, గోడెక్కాలనిపిస్తే ముందు నన్ను పిలువు. కింద నిలబడతాను" అన్నాడు.

వానలు వెనకబట్టాక, ఒక సోమవారం అది మళ్లీ బడికి వెళ్లింది. ఆ రోజు నేను ఫోను కుట్టుమిషను పక్కనే పెట్టుకుని కుట్టాను. పదకొండింటికి మోగుతుందనుకున్నాను. మోగలేదు. ఒంటిగంటకి తప్పదనుకున్నాను. చార్జింగు ఉందో లేదోనని చూశాను, ఉంది. మా ఆయన రెండు ట్రిప్పుల మధ్య ఆగి, "ఏమైనా ఫోనొచ్చిందా?" అని అడిగాడు. అత్తయ్య కూడా చేసింది. ఆవిడ ఏమీ అడగలేదు, "ఊరికే" అని పెట్టేసింది. నాలుగింటికి ముందే గేటు దగ్గరికెళ్లి నిలబడ్డాను.

అందరు పిల్లలూ వచ్చాక చివర్లో వచ్చింది. ఒక జడ ఊడింది. నా చెయ్యి పట్టుకుని, "ఆకలేస్తోంది" అంది.

రెండు వీధులు దాటాక మొదలుపెట్టింది. "అమ్మా, ఇవాళ టీచరు సంచిలోంచి బల్లి వచ్చింది. ఇంత పెద్దది. టీచరు బల్లెక్కింది. అందరూ బల్లలెక్కారు. హెడ్‌మిస్ట్రెస్ కూడా ఎక్కింది. నేనే పట్టుకుని బయట వదిలేశాను."

ఇంతకుముందైతే నిజమా అబద్ధమా అని నిలదీసేదాన్ని. అలా అడగవద్దనీ, వేరేలా అడగమనీ సంచి మేడమ్ చెప్పింది. అలాగే అడిగాను.

"ఇది నువ్వు చూశావా, అనుకున్నావా?"

అది నడక ఆపింది. రోడ్డు మధ్యలో, నీటి గుంట పక్కన, కళ్లు పైకెత్తి చాలాసేపు వెతుక్కుంది. వెనక సైకిలువాళ్లు బెల్లు కొట్టి తప్పుకుని పోయారు. నేను తొందరపెట్టలేదు.

"బల్లిని చూశాను" అంది చివరికి. "మిగిలినవాళ్లు బల్లలెక్కితే బాగుండుననుకున్నాను."

"మరి పట్టుకుంది ఎవరు?"

ఇంకాసేపు ఆలోచించింది.

"అది రేపు టీచర్నడిగి చెప్తాను" అంది, నా చెయ్యి పట్టుకుని నడవడం మొదలుపెట్టింది.